ఆరో తరగతికి ఏ బడి మంచిది?

(పలాస గ్రామీణ విలేకరి)

వేసవి సెలవులు ముగిసే వేళకు పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లోనూ, టెక్కలిలోనూ, ఉద్దానం గ్రామాల్లోనూ తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒకటే. అయిదో తరగతి అయిపోయింది, ఇక ఆరులో ఎక్కడ చేర్చాలి? ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలోనా, పట్నంలోని ఉన్నత పాఠశాలలోనా, లేక పరీక్ష రాయించి గురుకులానికి పంపాలా?

చాలామంది చూసేది పదో తరగతి ఫలితాలు. ఈ కొలత సరికాదు. సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలోని నవోదయ విద్యాలయం ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను ఏరుకుంటుంది. ఊరి బడి వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకుంటుంది. ఏరిన గుండు పప్పుకూ, ఏరని పప్పుకూ ఒకే ధర కట్టే జీడి వ్యాపారి పలాసలో ఉండడు. బడుల విషయంలో మాత్రం మనం ఆ పనే చేస్తున్నాం.

మరి చూడవలసినవేమిటి?

మొదటిది ఉపాధ్యాయులు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 వరకు తరగతికి ఒక్కరు తక్కువ కాకుండా ఉపాధ్యాయులుండాలి. గణితం-సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండి తీరాలి. 35 మందికి ఒక ఉపాధ్యాయుడు, ఏడాదికి 220 పనిదినాలు అన్నది కూడా ఆ చట్టంలోని మాటే. రంగులు వేసిన గోడ లెక్కలు చెప్పదు.

రెండవది, ఆరులో చేరిన వారిలో ఎనిమిది దాకా నిలిచిన వారెందరు? జీడి పిక్కలు ఏరే రోజుల్లో కొందరు, పెద్దవాళ్లు వలస పోయినప్పుడు కొందరు బడికి దూరమవుతారు. వారిని వెతికి తెచ్చే బడే మంచి బడి. మధ్యలో మానేసిన పిల్లలు పదో తరగతి శాతంలో కనిపించరు.

మూడవది నీరు, మరుగుదొడ్డి. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదమిత్థమని తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి నీరు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. మన బడిలో పిల్లలు తాగే నీరు ఎక్కడిదని అడగడం ఏ తల్లికైనా హక్కు. మరుగుదొడ్డికి తలుపు, నీళ్లు లేకపోతే ముందుగా మానేసేది ఆడపిల్లే.

ఇంకొక మాట. కొడుకును పట్నానికి పంపి కూతురిని ఊరి బడిలో ఉంచే ఇళ్లు మన ప్రాంతంలో తక్కువేమీ కావు. పిల్లల సంఖ్యను బట్టే పోస్టులు కేటాయిస్తారు. పది మంది కొడుకులు వెళ్లిపోతే ఊరి బడిలో ఒక మాస్టారి పోస్టుకు ముప్పు. ఆ నష్టం భరించేది అక్కడే మిగిలిన కూతుళ్లు, కూలీల బిడ్డలు.

కనుక బడి మార్చే ముందు ఉన్న బడిని ప్రశ్నించాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలనీ చట్టం చెబుతోంది. కమిటీ సమావేశం సంతకాలతో ముగియకూడదు. ఏ సబ్జెక్టుకు ఉపాధ్యాయుడున్నాడు, ఎన్ని రోజులు బడి నడిచింది, ఆరులో చేరిన వారెందరు, ఎనిమిదికి చేరిన వారెందరు? ఈ నాలుగు అంకెలనూ ప్రతి బడి గోడ మీద రాయించేందుకు మండల విద్యాశాఖాధికారులు పూనుకోవాలి. అప్పుడు ఏ బడి మంచిదో తల్లిదండ్రులే తేల్చుకుంటారు. అడగందే అమ్మయినా పెట్టదు.