పాస్టరేటును విడదీసే ముందు



మార్కాపురం వైపు నుండి ఒక సంఘపెద్దగారు మాకు జాబు వ్రాశారు. వారి పాస్టరేటులో పద్నాలుగు గ్రామాలున్నాయట. ఒక్క పాస్టరుగారు తిరగలేకపోతున్నారని రెండుగా విడదీయాలని కమిటీ తీర్మానించింది. "గ్రామాలను పంచుకోవడం ఒక్క పూటలో అయిపోయింది, కాని ఇద్దరు బైబిలు స్త్రీలు, హాస్టలు వంటామె ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇలాంటి పనికి పద్ధతి ఏదైనా ఉందా?" అని అడిగారు.

ఈ ప్రశ్న చదివి మాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చి సిగ్గనిపించింది. చాలా ఏండ్ల క్రిందట మేము కూడ ఒక కమిటీలో కూర్చున్నాము. ఏ ఊరో చెప్పము. పిల్లలు తగ్గారని ఒక బాలికల హాస్టలు మూసి, ఉన్నవారిని మరో హాస్టలులో కలిపాము. బియ్యపు బస్తాలు, మంచాలు, వచ్చే గ్రాంటు అన్నీ లెక్కబెట్టాము. వంటామెకు రెండు నెలల జీతమిచ్చి పంపాము. ఒక జీతం మిగిలిందనుకున్నాము. అయితే ఏ పిల్ల రాత్రి జ్వరంతో మూలుగుతుందో, ఏ పిల్ల తండ్రి తాగి వచ్చి గేటు దగ్గర నిలబడతాడో ఆమెకు తప్ప వార్డెనుకు తెలియదు. తల్లులు ఆమెను నమ్మి పిల్లలను వదిలేవారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ పిల్లల్లో సగంమంది తిరిగి రాలేదు. మా లెక్కల పుస్తకంలో మాత్రం ఏ తప్పూ లేదు.

లోకంలో పెద్ద పెద్ద కంపెనీలు కూడ ఈ గోతిలోనే పడ్డాయి. ఇంగ్లాండు బొగ్గు గనులలో వెనుక చిన్న చిన్న జట్లుండేవి. త్రవ్వడం మొదలు ఎత్తడం వరకు పనంతా ఆ జట్టే చేసేది. క్రొత్త పద్ధతి వచ్చి, మూడు షిఫ్టులు పెట్టి, ఒక్కొక్కరికి ఒక్క ముక్క పని అప్పగించారు. ఒక షిఫ్టు వారు మరొక షిఫ్టును తిట్టుకోవడం, పనికి రాకపోవడం ఎక్కువైంది. ఎరిక్ ట్రిస్ట్, ఒకప్పుడు తానే గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్త్ 1951లో ఈ సంగతి వ్రాశారు. యంత్రమూ మనుషుల మధ్య ఉన్న బంధమూ ఒకటే అల్లిక, ఒక పోగు లాగితే రెండవది కదులుతుందన్నారు. 1953లో ఎ.కె. రైస్ అనే ఆయన అహ్మదాబాదు కాలికో మిల్లులో ఇదే చూశాడు. క్రొత్త మగ్గాల షెడ్డులో ఎవరి పని వారిదే, ఎవరికి ఎవరూ కారు. కొన్ని మగ్గాలకు ఒక జట్టు చొప్పున ఉంటే ఎలా ఉంటుందని అడిగితే, కార్మికులే కూర్చుని జట్లు ఏర్పరచుకున్నారు. నేత పెరిగింది, పాడైపోయే గుడ్డ తగ్గింది.

అహ్మదాబాదు దూరమనుకుంటే మన గుండ్లకమ్మ ఒడ్డుకే రండి. ఒంగోలులో 1867లో ఎనిమిదిమందితో మొదలైన సంఘములో, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. దానికి ముందు గొప్ప కరువు. జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఆకలిగొన్నవారికి పని చూపించారు. కూలి కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు.

అంత సంఘమును ఒక్కచోట ఉంచడం అసాధ్యం. 1880ల మొదట్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ఫీల్డులను వేరుచేశారు. 1890లలో మార్కాపురం వచ్చింది. మాకు ముఖ్యమనిపించేది వేరొకటి. క్లౌ దొరగారు అమెరికా సంఘముల పటం తెచ్చి ఇక్కడ పరచలేదు. మాదిగపల్లెలో అప్పటికే ఉన్న పెద్దలను, వారు కూర్చుని తగవు తీర్చే అలవాటును అలాగే ఉండనిచ్చి దానిమీద సంఘమును కట్టారు. యెర్రగుంట్ల పేరయ్యగారి వంటి తోళ్ల వ్యాపారి ఏ ఊళ్లకు తిరిగేవాడో, ఎవరితో బంధుత్వముందో, సువార్త ఆ దారినే నడిచింది. పల్లెకు దూరమైనవారిని మూడు నెలలకొకసారి ఒంగోలు కూటమి కలిపేది. ఆ ఏర్పాటులో దొరతనం లేకపోలేదు. జీతమిచ్చే చెయ్యి చాలాకాలం దొరదే. ఆ అలవాటు నేటికీ మన కమిటీలను వదలలేదని మా అభిప్రాయం.

కలపడం కూడ ఇంతే. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు, గిద్దలూరుకు ఆవలనున్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములలో చాలామంది అందులో చేరలేదు. వారు వచ్చి చేరడానికి 1975 దాకా పట్టింది. తీర్మానం కాగితం మీద ముందే ఉంది, మనసులు రావడానికి ఇరవై ఎనిమిదేండ్లు!

ఇక పెద్దగారికి మా జవాబు. మీ తీర్మానాన్ని కొంతకాలం ఆపి ఉంచండి. చలికాలం వెళ్లగానే మీ సంఘములో చాలామంది మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్తారు గదా, వారు లేనపుడు సభ పెట్టవద్దు. అందరూ తిరిగి వచ్చిన తరువాత పద్నాలుగు గ్రామాలు తిరగండి. ఎవరైనా చనిపోతే ఏ ఊరివారు ముందు వస్తారు, ఏ రెండు ఊళ్లకు ఒకే సమాధుల తోట, పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఎవరెవరికి, ఏ ఊరికి బస్సుంది, ఏ ఊరివారు మంచినీళ్లకు ఎక్కడికి పోతారు, ఇవి అడిగి వ్రాసుకోండి. మీ గీత చాలాచోట్ల మారుతుందని మా నమ్మకం.

బైబిలు స్త్రీలను సభలో చివర కూర్చోబెట్టి సంతకం తీసుకోవద్దు, ముందుగా వారినే అడగండి. ఏ ఇంట్లో ఏముందో వారికి తెలిసినంత పాస్టరుగారికి కూడ తెలియదు. వారి జీతం ఏ నెల నుండి ఏ పాస్టరేటు ఇస్తుందో తేలిన తరువాతనే ఆస్తుల మాట ఎత్తండి. క్రొత్త ఏర్పాటును ఒక సంవత్సరం నడిపి చూడండి. అంతవరకు మూడు నెలలకొకసారి రెండు వైపులవారు ఒకచోట కూడి, కలిసి భోజనం చేయండి.

ఆ భోజనం ఎవరు వండుతారో కూడ మాకు వ్రాయండి.