ఛైర్మన్ కుర్చీ ఎవరి కోసం?

మా సెంబవాంగ్ పెద్దగా పేరున్న పేట కాదు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల నౌకాదళ స్థావరం, ఆ తర్వాత షిప్‌యార్డ్, ఇప్పుడు వరసగా హెచ్‌డీబీ బ్లాకులు. కానీ రాజకీయాల్లో మాత్రం దీనికో లెక్క ఉంది. 1959 నుంచి సింగపూర్‌ని పాలిస్తున్న పీపుల్స్ యాక్షన్ పార్టీకి ఇద్దరు ఛైర్మన్లు ఇక్కడి ఎంపీలే. టోనీ టాన్ 1993 నుంచి 2004 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఖావ్ బూన్ వాన్ 2011 నుంచి 2018 దాకా ఉన్నారు.

సెకండరీ త్రీ చదివే మా అమ్మాయి బడిలో ఏదో ప్రాజెక్టు కోసం ఆ పార్టీ ఛైర్మన్ల పేర్లన్నీ రాసుకుంది. తో చిన్ చై, ఓంగ్ టెంగ్ చియోంగ్, టోనీ టాన్, లిమ్ బూన్ హెంగ్, ఖావ్ బూన్ వాన్, గాన్ కిమ్ యోంగ్, హెంగ్ స్వీ కియాట్, 2025లో డెస్మండ్ లీ. రాయడం అయ్యాక, "అందరూ చైనీసే కదమ్మా, మనవాళ్లు గానీ మలయ్‌లు గానీ ఒక్కరూ లేరేం?" అంది. "జనాభాలో ముప్పావు వంతు వాళ్లే కదే" అని మా వారు పేపర్ వెనక నుంచి జవాబిచ్చారు. ఆ జవాబు దానికి ఆనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆనలేదు.

లెక్క నిజమే. 2020 జనాభా లెక్కల ప్రకారం చైనీయులు 74.3 శాతం, మలయ్‌లు 13.5, భారతీయులు 9. ఎనిమిది మందిలో ఎనిమిది మందీ ఒకే జాతి వాళ్లు కావడం మాత్రం లెక్క ఒక్కటే చేసే పని కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సింగపూర్ పార్టీల్లో అసలు పగ్గాలు సెక్రటరీ జనరల్ చేతిలో ఉంటాయి. అధికార పార్టీలో సాధారణంగా ప్రధానమంత్రే ఆ పదవిలో ఉంటారు. ఛైర్మన్‌ది పెద్దరికం, గౌరవం. ఆ పెద్దరికాన్ని జనం ఓటేసి ఇవ్వరు. పార్టీ కేడర్లు కేంద్ర కార్యవర్గాన్ని ఎన్నుకుంటారు, కార్యవర్గం తమలో ఒకరిని ఛైర్మన్‌గా కూర్చోబెడుతుంది. అంతా లోపల జరిగే వ్యవహారం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ప్రధాని పదవి మాట వచ్చినప్పుడల్లా ఇక్కడ వినిపించే జవాబు ఒకటుంది: జనం ఇంకా సిద్ధంగా లేరు. 1988లో లీ క్వాన్ యూ తన వారసుల్లో ధనబాలన్ పేరు కూడా ఆలోచించాననీ, భారతీయుణ్ణి ప్రధానిగా ఒప్పుకోడానికి దేశం సిద్ధంగా లేదనీ అన్నారు. 2019లో హెంగ్ స్వీ కియాట్ కూడా పాత తరం వాళ్లు సిద్ధంగా లేరన్నారు. ఆ మాట అన్న నాలుగేళ్లకే, 2023లో, థర్మన్ షణ్ముగరత్నం దేశాధ్యక్ష ఎన్నికల్లో ఇద్దరు చైనీయుల మీద 70.4 శాతం ఓట్లతో గెలిచారు. దేశాధ్యక్ష పదవి వేరు, ప్రధాని పదవి వేరు అనేవాళ్లున్నారు, సరే. ఛైర్మన్ ఎంపికలో జనం ఓటే లేనప్పుడు జనం మీదికి నెట్టడం కుదరదు కదా! వైస్ ఛైర్మన్‌గా యాకూబ్ ఇబ్రహీం, ఆయన తర్వాత మసగోస్ జుల్కిఫ్లీ, ఇద్దరూ మలయ్ నాయకులే. పై మెట్టు మాత్రం ఎక్కనివ్వలేదు.

ప్రతిపక్షంలో కథ వేరు. వర్కర్స్ పార్టీకి 1971లో జె.బి. జయరత్నం, 2018లో ప్రీతమ్ సింగ్ సెక్రటరీ జనరల్ అయ్యారు. సింగపూర్ డెమోక్రటిక్ పార్టీ ఛైర్మన్ కుర్చీలో గాంధీ అంబలం, ఆ తర్వాత కొన్నేళ్లకి పాల్ తంబయ్య కూర్చున్నారు. గెలుపు దూరంగా ఉన్న చోట కుర్చీ సులువుగా దొరుకుతుందని కొట్టిపారేయొచ్చు. నేను మాత్రం అలా అనుకోను. కూర్చున్న మనిషిని చూశాకే కదా జనానికి అలవాటయ్యేది.

1988లో వచ్చిన జీఆర్‌సీ పద్ధతి వల్ల ఉమ్మడి నియోజకవర్గాల్లో ప్రతి జట్టులోనూ మైనారిటీ అభ్యర్థి ఒకరైనా ఉండాలి. షణ్ముగం మొదటిసారి ఆ ఏడాదే మా సెంబవాంగ్ జట్టులో పార్లమెంటుకి వెళ్లారు. 2011 నుంచి విక్రమ్ నాయర్ ఉన్నారు. చట్టం గుమ్మం దాటించింది. లోపలికి వెళ్లాక ఏ కుర్చీ వెయ్యాలో చట్టం చెప్పదు, అది మనసులో ఉండాలి.

మనకి ఇది కొత్త కాదు. జాతి బదులు కులం అని చదువుకుంటే చాలు. దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, 1962లో కాంగ్రెస్ అధ్యక్షుడు అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడు మన కర్నూలు జిల్లా మనిషి. బీజేపీకి మొదటి దళిత అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్, 2000లో, ఆయనా మన హైదరాబాదు వాడే. రెండుసార్లూ నిర్ణయం పార్టీ పెద్దలదే. పెద్దలు తలుచుకుంటే అవుతుందని అక్కడే తేలింది.

ఇక మన ఇంటి సంగతి. ఇక్కడి కాగితాల్లో మనమంతా ఒకటే, ఇండియన్. బడుల్లో మాతృభాషగా తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. ఆ మైనారిటీలో మనం ఇంకో చిన్న మైనారిటీ. ఆ బాధ తెలిసిన మనమే పాట్‌లక్‌లో కొత్తావిడ కనబడగానే ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి కులం దగ్గర ఆగుతాం. ఉగాది వస్తే ముగ్గులూ, పులిహోరా, పిల్లల డ్యాన్సులూ ఆడవాళ్లవి, మైకు పట్టుకునే అధ్యక్షులు మగవాళ్లు. "ఆడవాళ్లెవరూ ముందుకు రారండీ" అంటారు. జనం సిద్ధంగా లేరు అన్నదానికి ఇది తెలుగు అనువాదం.

ఈసారి మీ సంఘంలో కార్యవర్గం ఎన్నిక పెడితే, వంటల జాబితా రాసేముందు ఒక పేరు ప్రతిపాదించండి. అది మీ పేరైనా తప్పు లేదు.