మోల్ లెక్క అమ్మకు వచ్చు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చిన మేము ఇంటర్ మొదటి సంవత్సరంలో మోల్ దగ్గరే ఆగిపోయాం. 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఎన్ని మోల్‌లు అంటే, అణుభారం 40తో గుణించి 160 అని రాసినవాళ్ళం. ఫార్ములా బట్టీ పట్టమన్నారు, పట్టాం. అయినా గుణించాలో భాగించాలో తెలిసేది కాదు. మాలో ఇద్దరు ఆ ఏడే సైన్సు వదిలేశారు.

తమ్ముళ్ళారా, ఈ లెక్క మన ఇళ్ళల్లో రోజూ జరుగుతుంది. బీడీల కార్ఖానాలో అమ్మకు తునికాకు, తంబాకు తూకం వేసి ఇస్తారు. తిరిగి తీసుకునేది మాత్రం లెక్కపెట్టి, కూలి వెయ్యికింత అని. ఇంత తంబాకుకు ఎన్ని బీడీలు రావాలో అమ్మకు తెలుసు. తూకం నుంచి సంఖ్యకు పోవడమంటే ఇదే. వెయ్యికి బదులు 6.022 × 10²³ అనుకోండి, అది ఒక మోల్. దాని బరువు నీటికి 18 గ్రాములు, సోడియం హైడ్రాక్సైడ్‌కు 40. (లావు బీడీలకూ సన్న బీడీలకూ వెయ్యి తూకం ఒకటి కాదు కదా!) గ్రాములను ఆ బరువుతో భాగిస్తే మోల్‌లు, మోల్‌లను గుణిస్తే గ్రాములు. 4ను 40తో భాగిస్తే 0.1. మేము రాసిన 160 మోల్‌లకు 6 కిలోల 400 గ్రాములు కావాలి. 4 గ్రాముల్లోంచి అంత ఎక్కడిది? అమ్మయితే వినగానే నవ్వేది.

హాస్టల్ ట్యూషన్లో ఫార్ములా కంటే ముందు "ఇచ్చింది తూకమా, లెక్కా?" అని అడగాలన్నది మా అభిప్రాయం. పక్కన గ్రాములో మోల్‌లో రాయని జవాబుకు మార్కు వేయొద్దు. ఈ పోలిక మాకు ఇంటర్‌లోనే తట్టాల్సింది. కానీ అమ్మ బీడీలు చేస్తుందని క్లాసులో చెప్పడానికి అప్పుడు సిగ్గుపడ్డాం.