జోడీ చూసి కట్టే పందెం

కోడిపందెంలో ఆదివారం నాడు కాకి పుంజు మీద డేగ పుంజు గెలుస్తుందా, ఓడుతుందా అని లెక్కలు వేసే పెద్దాయన్ని చూసి నవ్వే కుర్రాళ్లు నెల్లూరు జిల్లా ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ కావలసినంతమంది. డిగ్రీ చదివినవాళ్లు. ఆ లెక్కలు చెప్పే కుక్కుట శాస్త్రం వాళ్లకు తాతలనాటి పిచ్చి. ఐపీఎల్ మొదలవగానే అదే కుర్రాడు టీ అంగట్లో కూర్చుని ఫోన్ తెరుస్తాడు. "ఫలానా ఓపెనర్ ఈ ఎడంచేతి బౌలర్‌కి ఇరవై మూడు బంతుల్లో మూడుసార్లు అవుటయ్యాడన్నా, ఇవాళ వాడు నిలవడు, మ్యాచ్ మనదే" అని రెండు వేలు కడతాడు. తాత పుంజుల జోడీ చూసి కట్టాడు, మనవడు ఆటగాళ్ల జోడీ చూసి కడుతున్నాడు. తాత చేసిన తప్పు ఎవరికైనా తెలుస్తుంది. మనవడి తప్పు తెలియదు, దానికి అంకెల చొక్కా తొడిగారు గనుక.

ముందు తాత సంగతి. గోదావరి జిల్లాలంత ఆర్భాటం లేకపోయినా సంక్రాంతికి మన మెట్ట మండలాల్లోనూ తోటల చాటున కోళ్లు దిగుతాయి. కుక్కుట శాస్త్రం పుంజుల్ని ఈకల రంగును బట్టి విడదీస్తుంది: నల్లది కాకి, తెల్లది సేతువ, ఎర్రది డేగ, ఇంకా నెమలి, పర్ల, కౌజు, మైల, పింగళ, అబ్రాసు. ఏ వారం ఏ రంగు ఏ రంగును కొడుతుంది, శుక్లపక్షంలో ఎలా, బహుళపక్షంలో ఎలా, ఏ జాములో ఏ పుంజు రాజ్యావస్థలో ఉంటుంది, ఏది నిద్రావస్థలో ఉంటుంది, ఏ దిక్కు నుంచి వదలాలి, అన్నీ అందులో ఉంటాయి. పందెగాడి నక్షత్రం కూడా చూడమంటుంది.

ఇంత వివరంగా చెప్పే శాస్త్రాన్ని ఒక చిన్న ప్రశ్న అడగాలి. అవతలి పుంజు యజమాని దగ్గర కూడా అదే పుస్తకం ఉంది కదా? అదే వారం, అదే జాము, అదే పక్షం. పుస్తకం నిజమైతే ఇద్దరిలో ఒకడు ఆ పూట బరిలోకి రానే కూడదు. కానీ బరిలో ఎప్పుడూ రెండు పుంజులుంటాయి, రెండు వైపులా డబ్బుంటుంది. ఓడినవాడు పుస్తకాన్ని తప్పు పట్టడు. "జాము దాటాక వదిలాం", "అది అసలు నెమలి కాదు, కాకినెమలి" అంటాడు. రంగులు కలిసిన పుంజుకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఓడాక పేరు మార్చుకోవచ్చు కూడా. ఏం జరిగినా తప్పని తేలని శాస్త్రం ముందుగా ఏమీ చెప్పలేదన్నమాటే.

అలాగని పుంజుల మధ్య తేడా లేదని కాదు. వయసు, బరువు, మేత, నెలల తరబడి చేయించిన కసరత్తు, ఇవన్నీ నిజమైన తేడాలే. పుంజుల్ని సాకేవాళ్లకు అవి తెలుసు. కానీ కాలికి కత్తి కట్టగానే ఆ తెలివి విలువ పడిపోతుంది. కత్తి లేకుండా పోరు సాగితే బలం, దమ్ము మెల్లగా బయటపడతాయి. కత్తి ఉంటే మొదటి ఎగురులోనే, ఎక్కడో ఒక్క గీత తగిలితే, బలమైన పుంజే పడిపోతుంది. పోరు పొట్టిదయ్యేకొద్దీ అదృష్టం వాటా పెరుగుతుంది. పందెగాళ్లకు పొట్టి పోరే ఇష్టం. పూటకు పది పందేలు నడపొచ్చు మరి.

ఐదు రోజుల టెస్టుకూ టీ20కీ ఉన్న తేడా కూడా ఇదే. ఒక ఇన్నింగ్స్‌లో 120 బంతులు. ఒక బౌలర్‌కు నాలుగు ఓవర్లు, అంటే 24 బంతులు. ఆ ఇరవై నాలుగులో మన కుర్రాడు నమ్ముకున్న ఓపెనర్ ఎదుర్కొనేది ఆరో ఏడో, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. పైగా 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చింది, మ్యాచ్ మధ్యలో ఆటగాడే మారిపోతాడు. ఇక ఆ "ఇరవై మూడు బంతుల్లో మూడుసార్లు" సంగతి. లీగులో ఇలాంటి బ్యాటర్–బౌలర్ జోడీలు వందల్లో ఉంటాయి. అన్ని జోడీల్లో కొన్ని ఊరికే, ఏ కారణమూ లేకుండా, వింతగా కనబడి తీరతాయి. టీవీ వాళ్లు తెర మీద వేసేది ఆ వింత వాటినే. మిగతా వందల జోడీల్లో ఏ విశేషమూ లేదని ఎవరూ తెర మీద వెయ్యరు.

టెలిగ్రామ్‌లో టిప్పులిచ్చేవాళ్ల వ్యాపారం ఈ గుడ్డితనం మీదే నడుస్తుంది. లెక్క సులువు. 3200 మందిని పోగుచేసి, సగం మందికి ఒక జట్టు గెలుస్తుందని, సగం మందికి రెండో జట్టు గెలుస్తుందని పంపాలి. తప్పు టిప్పు అందినవాళ్లను వదిలేసి, మిగిలిన 1600 మందితో మళ్లీ అదే పని. ఐదు మ్యాచ్‌లయ్యేసరికి వందమంది మిగులుతారు. ఆ వందమందికీ ఈ మనిషి వరసగా ఐదుసార్లు కరెక్టుగా చెప్పిన మహానుభావుడు. ఆరో టిప్పుకి వేలల్లో ఫీజు అడిగితే కళ్లకద్దుకుని కడతారు. తప్పు టిప్పులు అందిన 3100 మంది ఎక్కడున్నారో ఈ వందమందికి తెలియదు.

బోరుపాయింటు చూసే పెద్దమనిషి పేరు నిలిచేదీ ఇలాగే. వరికుంటపాడు, సీతారామపురం వైపు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచి నీళ్లు చూపించేవాళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది. నీళ్లు పడిన బోరు పక్కన తోట ఉంటుంది, మోటారు ఉంటుంది, చెప్పుకోవడానికి రైతు ఉంటాడు. ఎండిన బోరు మీద రాయి కప్పేస్తారు.

సరే, కుర్రాడు మూర్ఖుడు కాదనుకుందాం. నిజంగానే ఆట తెలిసినవాడు, పిచ్ చూడగలడు, బౌలర్ చెయ్యి తిప్పే తీరు చదవగలడు. అయినా డబ్బులు రావు. హేతువాదులం మనం కూడా ఇక్కడ తరచూ పొరబడతాం, పందెగాడికి అజ్ఞానం వల్లే నష్టమనుకుంటాం. అజ్ఞానం వల్ల కొంత. మిగతాది, వాడికి తెలిసింది బుకీకి కూడా తెలుసు గనుక. తెలిసినదంతా రేటులో ముందే కలిసిపోయి ఉంటుంది.

దీన్ని తేటగా చూడాలంటే అమెరికా బేస్‌బాల్ చూడాలి. 2018 మేలో అక్కడి సుప్రీంకోర్టు ఆటల మీద పందేలను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. న్యూజెర్సీలో వెంటనే చట్టబద్ధమైంది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లల ఫోన్లలోనూ ఆ యాప్‌లు తెరుచుకుంటాయి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. ఆట మొదలుపెట్టే పిచర్ ఎవరో ముందే ప్రకటిస్తారు. ఇవాళ వీళ్ల పిచర్ ఎవరు, వాళ్ల పిచర్ ఎవరు అని చూసి కట్టడం అక్కడి పందెగాళ్ల ప్రధాన విద్య. పిచర్ ప్రభావం నిజమే, క్రికెట్ బౌలర్ ప్రభావం కంటే చాలా ఎక్కువ. అయినా సాధారణంగా అతను ఐదారు ఇన్నింగ్స్‌లు వేసి వెళ్లిపోతాడు, మిగతా ఆట వేరేవాళ్లు వేస్తారు. అతను పరుగులు ఆపగలడు గానీ తన జట్టుకు పరుగులు తేలేడు.

2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.70 పరుగులే ఇచ్చాడు, ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి వదిలేస్తే. ఆ ఏడాది మెట్స్ ఆడే లీగులో అత్యుత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది. అతని ఖాతాలో పడిన గెలుపులు 10, ఓటములు 9. అతను మొదలుపెట్టిన 32 ఆటల్లో మెట్స్ గెలిచింది 14. ఆ ఏడాది అంతకంటే మంచి పిచర్ ఆ లీగులో లేడు, అతన్ని చూసి ప్రతిసారీ మెట్స్ మీద కట్టినవాడు సగం కంటే ఎక్కువసార్లు ఓడాడు. పైగా అతను ఆడే రోజు మెట్స్ రేటు ముందే తగ్గి ఉండేది, గెలిచినా చేతికొచ్చేది తక్కువ. ప్రకటించిన పిచర్ చివరి నిమిషంలో మారితే పందెం రద్దయ్యే పద్ధతి కూడా అక్కడ ఉంది. రేటు కట్టిందే ఆ పేరు మీద మరి. ఇక పందెగాడు ఆ పేరు చూసి కొత్తగా కనిపెట్టేది ఏముంది?

మన దగ్గర ఇది ఎన్నికల్లో కనిపిస్తుంది. 2022 జూన్ ఆత్మకూరు ఉపఎన్నికలో తెలుగుదేశం పోటీ చెయ్యలేదు. వైకాపా గెలుస్తుందని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అలాంటి చోట గెలుపు మీద పందెం కాసేవాడుండడు, ఏం కట్టాలన్నా మెజారిటీ మీద కట్టాలి. అది 82 వేలు దాటింది. అందరికీ తెలిసినదాని మీద డబ్బు రాదు, ఎవరికీ తెలియనిదాని మీదే పందెం నిలుస్తుంది. తెలియనిదాంట్లో నీ తెలివి ఎంత?

ఇక బుకీ వాటా. టాస్‌నే తీసుకోండి, అందులో జోడీ లేదు, పిచ్ లేదు, ఒక నాణెం మాత్రమే. వంద పెడితే తొంభై లాభం ఇస్తానంటాడు. వంద టాస్‌ల మీద వందేసి కడితే సగం గెలిచి 4500 వస్తాయి, సగం ఓడి 5000 పోతాయి. 500 నష్టం, ఏ దురదృష్టమూ లేకుండానే. వందకు తొంభై ఇచ్చే ఆటలో చెయ్యి కాలకుండా ఉండాలంటే నూటికి 53 సార్లు గెలవాలి. ఈ మూడు సార్లు ఎక్కువ గెలవగలనని రుజువు చేసుకోవడానికి వందలకొద్దీ పందేల లెక్క కావాలి. మనవాళ్లు మాత్రం గత ఆదివారం గెలిచినదాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. ఓడినప్పుడు మంచు పడింది, అంపైర్ తప్పిచ్చాడు, మ్యాచ్ ఫిక్సయింది. కాకినెమలి కథే ఇది కూడా.

చట్టం సంగతి క్లుప్తంగా. 1974 నాటి ఏపీ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది, డ్రీమ్11 తన డబ్బు పోటీలు ఆపేసింది. అంతకుముందు 2017లో నెల్లూరులో క్రికెట్ బెట్టింగ్ మీద పోలీసులు విరుచుకుపడ్డారు, ఎమ్మెల్యేలను కూడా పిలిచి ప్రశ్నించారు. నెల పదిహేను రోజులు ఊరు సర్దుకుంది. ఒక యాప్ మూస్తే మరో లింకు వాట్సాప్‌లో వస్తోంది. దాడి వల్ల ఫోన్ పోతుంది, "నాకు ఆట తెలుసు" అన్న నమ్మకం పోదు.

ఆ నమ్మకాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది, దానికి డబ్బు అక్కర్లేదు. నూరు పేజీల నోటు పుస్తకం చాలు. మ్యాచ్‌కు ముందే జోడీ, కారణం, రేటు, తేదీ రాయాలి, మ్యాచ్ అయ్యాక ఫలితం రాయాలి. సీజన్ మొత్తం, ఒక్క మ్యాచ్ వదలకుండా, కొట్టివేతలు లేకుండా. ఆత్మకూరులో, ఉదయగిరిలో ఈ పని చెయ్యమని నేను అడిగిన కుర్రాళ్లలో కొందరు మొదలుపెట్టారు. మూడో వారం దాటి రాసినవాడు నాకింకా కనబడలేదు. దాడుల్లో పోలీసులు బల్ల మీద పరిచి ఫొటో తీయించేవాటిలో ఫోన్ల పక్కన, నోట్ల కట్టల పక్కన, అలాంటి పుస్తకాలే ఉంటాయి. తేదీలు, రేట్లు, ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎంత బాకీయో, వరసలు తప్పకుండా. అవి బుకీలవి.