గేరుసైకిలును గూర్చి యొక మనవి

యంత్రముయొక్క స్వభావము నెఱుగకయే దానిని నిందించుట లోకసహజము. మన హవేలిఘనపూర్ ప్రాంతమున గేర్లుగల సైకిళ్లపై బడికి వచ్చు బాలబాలికలు కొందఱు గలరు. ఆ సైకిళ్లలో మిక్కిలి నింద మోయునది ముందరి డిరెయిలరు. చైను పడిపోవుచున్నదని కొందఱు మీటను ముట్టుటయే మానుదురు. మఱికొందఱు దానిని తీసివేయించి యొక్క చక్రముతోనే తృప్తి నొందుదురు. ఇది సరికాదని నా యభిప్రాయము.

ఈ సాధనమున గూఢమేమియు లేదు. చైనునకు రెండుప్రక్కల రేకులుగల చిన్న పంజరమది. సాధారణముగ తీగ లాగిన వెలుపలికిని, వదలిన లోపలికిని జరుగును. 'ఎల్', 'హెచ్' అను గుర్తులుగల రెండు స్క్రూలు దానికి హద్దులు. జరుపునది తీగ, ఆపునది స్క్రూ. ఈ భేదము నెఱుగక, తీగ వదులైనప్పుడు స్క్రూలు త్రిప్పువారు రెంటిని చెఱచుకొందురు.

కావున క్రమము ముఖ్యము. వెలుపలి రేకు పెద్దచక్రమునకు సమాంతరముగ, దాని పండ్లకు 1 మొదలు 3 మిల్లీమీటర్ల యెత్తున నుండవలెను. పిమ్మట తీగను వదలించి, చైనును ముందు చిన్నచక్రముపైనను వెనుక పెద్దచక్రముపైనను నుంచి, లోపలి రేకు చైనును తగులకయు, అర మిల్లీమీటరు మించి దూరము పోకయు నుండునట్లు 'ఎల్' స్క్రూను త్రిప్పవలెను. తరువాత మీటను తీగ మిక్కిలి సడలు స్థానమున నుంచి, తీగను లాగి బిగింపవలెను. తుదకు ముందు పెద్దచక్రము, వెనుక చిన్నచక్రము చేర్చి, 'హెచ్' స్క్రూతో వెలుపలి రేకునకు నంతే యెడము నీయవలెను. ఒక్కొక్క పర్యాయము పావు చుట్టు చాలును. పోగులు తెగిన తీగను, వంగిన పంజరమును మాత్రము మెకానిక్కునకే చూపవలెను.

"ఇంత శ్రమ యేల? గేర్లు సోమరులకు గదా!" యని పెద్దలనవచ్చును. టూర్ డి ఫ్రాన్సు పందెమును స్థాపించిన ఆంరీ డెగ్రాంజ్ గారును, గేర్లు నలువదియైదేండ్లు దాటినవారికే తగునని తలచిరి. అయినను 1937లో ఆ పందెమందే డిరెయిలర్లకు ననుమతి లభించెను. ఎదురుగాలిలో పుస్తకముల సంచి మోయు బాలికకు గేరు సోమరితనము కాదు, సాయము. ఎత్తు నెక్కుచు పెడలుపై బరువు మోపిన క్షణమున, వెనుక లారీ వచ్చుచుండగా, చైను జారుట నవ్వులాట కాదు.

కనుక మన పాఠశాలలు చేతిపని తరగతులలో నొక్క గంట దీనికి గేటాయింపవలెనని నా మనవి. బాలికలను దూరముగ నిలుపరాదు. మన కన్నులయెదుటి మెదకు దేవాలయము 1914 మొదలు 1924 వఱకు కూలివారి చేతులతో లేచినది. అట్టి నీడను చదువుకొనువారు చేతికి నూనె యంటుటకు సిగ్గుపడనేల?

తల్లిదండ్రులారా, సైకిలుతోపాటు నొక స్క్రూడ్రైవరును గూడ కొనియిండు. విద్యార్థులారా, మీటను ముట్ట వెఱవక, పావు చుట్టు త్రిప్పి చూడుడు.