ఇంగ్లిష్ పంతులు ఎప్పుడు చదువుకోవాలి?

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయనగా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో శిక్షణ షెడ్యూలు వచ్చి పడుతుంది. ఎవరు ఏ సెంటర్‌కు వెళ్లాలి, ఎవరిది ఏ బ్యాచ్, హాజరు ఎన్నింటికి, ఏ యాప్‌లో. ఇంత వివరంగా ఉండే కాగితంలో ఒక్క సంగతి మాత్రం కనబడదు. ఇంగ్లిష్ పాఠం చెప్పేటప్పుడు మీకు ఎక్కడ ఇబ్బందవుతోందని ఆ ఉపాధ్యాయుణ్ని ముందుగా ఎవరైనా అడిగారా అన్నది.

సాహిత్య పత్రికకు ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన వ్యావహారిక భాషోద్యమం మొదలైందే బడి పంతుళ్ల సమస్యతో. గత శతాబ్దం మొదట్లో ఉత్తరాంధ్ర బడులు చూడటానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్‌కు, జనం మాట్లాడే తెలుగొకటీ బడిలో నేర్పే తెలుగొకటీ ఎందుకయ్యాయో అంతుబట్టలేదు. ఆ ప్రశ్నను గిడుగు రామమూర్తి, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు పట్టుకున్నారు. ముగ్గురూ చదువు చెప్పినవాళ్లే. భాష ఎలా నేర్పాలన్నది అప్పుడు సాహిత్యానికి సొంత ప్రశ్న. ఇప్పుడది శాఖాపరమైన వ్యవహారమైంది. తెలుగు మీడియం పోతోందని బాధపడే వ్యాసాలు మనం చాలా వేశాం, ఇంకా వేస్తాం. మీడియం మారిన గదిలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ మనిషి గురించి మాత్రం రాసింది తక్కువ.

ఆ మనిషి ఎవరో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో జీవో 81తో ప్రభుత్వ బడుల్ని ఇంగ్లిష్ మీడియంలోకి మార్చబూనింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు బడులకు చేరాయి. తెలంగాణ 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం తెచ్చింది. ఈ మార్పు మోయాల్సిన ప్రాథమిక బడుల సెకండరీ గ్రేడ్ టీచర్లలో (ఎస్జీటీల్లో) చాలామంది తెలుగు మీడియంలోనే చదివి, జిల్లా శిక్షణ సంస్థ డైట్‌లో తెలుగులోనే శిక్షణ పొంది, ఉద్యోగ పరీక్ష డీఎస్సీ కూడా తెలుగులోనే రాసినవాళ్లు. నిన్నటిదాకా పరిసరాల విజ్ఞానం అన్న పాఠం తెల్లారేసరికి ఈవీఎస్ అయింది. అంటే ఆ గదిలో ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లలో పంతులు కూడా ఒకరు. ఈ మాట పైకి అనుకోవడానికి మన శిక్షణలకు మొహమాటం. అందుకే అవి రెండే దారుల్లో నడుస్తున్నాయి. నీకు ఇంగ్లిష్ వచ్చనుకుని పద్ధతులు చెప్పడం ఒకటి, రాదనుకుని ఉచ్చారణ గుర్తులు బట్టీ పట్టించడం రెండోది.

శిక్షణకు మన దగ్గర చరిత్ర లేకపోలేదు. ఇవాళ ఇఫ్లూ అని పిలుస్తున్న సంస్థ 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టింది. దాదాపు అదే రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో కొద్దిమందికి నేర్పి, వాళ్లచేత మరికొందరికి, అలా వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఇంగ్లిష్ బోధన అందించాలని ఒక కార్యక్రమం నడిచింది. దానికి స్నోబాల్ అని పేరు. మద్రాసు ఎండలో ఆ పేరు ఎవరికి తట్టిందో! రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి శిక్షకులు దిగే మన ఎస్సార్జీ, డీఆర్పీ, ఎమ్మార్పీ వరస దాని వారసత్వమే. రాష్ట్రస్థాయిలో రోజుల తరబడి వాదించుకున్న విషయం మండలానికి దిగేసరికి అవే స్లైడ్లుగా మిగులుతుంది. జవాబులు పైనుంచి కిందికి బాగానే దిగుతాయి. ప్రశ్నలు కిందనుంచి పైకెక్కడానికి మెట్లు లేవు.

పద్ధతి పైనుంచి దిగితే పంతులు దగ్గర ఏమవుతుందని ఆలోచించినవాడు ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ఆయన బృందం వ్యాకరణం ముందు పెట్టకుండా పని చేయించి ఇంగ్లిష్ నేర్పింది. రైళ్ల టైంటేబులు చూసి ఏ బండెక్కాలో తేల్చడం, మ్యాపు చూసి దారి చెప్పడం లాంటి పనులు. ప్రపంచమంతా ఆ ప్రయోగాన్ని పాఠంగా చదువుకుంది. తర్వాత దాన్ని పరిశీలించిన అలన్ బెరెట్టా మాత్రం, బయటినుంచి వచ్చి చెప్పినవాళ్లకు పట్టుబడినంతగా ఆ బడుల సొంత ఉపాధ్యాయులకు ఈ పద్ధతి పట్టుబడలేదని చెప్పాడు. నన్నడిగితే ఆ ప్రయోగంలో మనకు పనికొచ్చే పాఠం అదే. 1990లో రాసిన వ్యాసంలో ప్రభు, అన్నిటికన్నా మంచి పద్ధతంటూ ఏదీ లేదని, నేర్పడం ఎలా జరుగుతుందన్న విషయంలో పంతులికి తనదైన అవగాహన సజీవంగా ఉందా లేదా అన్నదే అసలు సంగతని వాదించాడు. ఆ అవగాహనను సర్క్యులర్‌తో పంపలేం.

నాలుగో తరగతి ఈవీఎస్ పాఠమనుకోండి. ‘డూ ప్లాంట్స్ నీడ్ వాటర్?’ అంటాడు మాస్టారు. గదంతా ఒక్క గొంతుతో ‘యెస్ సార్’. ‘వై?’ అనేసరికి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక మాస్టారే జవాబు చెప్పేస్తాడు, అదీ తెలుగులో, గొంతు తగ్గించి, గుమ్మం వైపు ఒక చూపు వేసి. తెలుగు మాట్లాడటం తప్పు చేస్తున్నట్టు! అదే ప్రశ్న ధైర్యంగా తెలుగులో అడిగి ఉంటే మూడో వరస పిల్ల ‘ఎండిపోద్ది సార్’ అనేది. అప్పుడు ‘యెస్, ఇట్ డ్రైస్ అప్’ అని బోర్డు మీద రాయొచ్చు. ఇంకేం ఎండిపోతాయర్రా అని అడిగితే ఆకు, చెరువు, చివరికి ఎవడో ఒకడు ‘మా బోరు సార్’ అంటాడు. ‘ద బోర్‌వెల్ డ్రైస్ అప్’. ఆ వాక్యం పుస్తకంలో లేదు, పిల్లల ఇళ్లలో ఉంది. తెలుగు ఎక్కడ వాడాలి, అక్కడినుంచి ఇంగ్లిష్‌లోకి ఎలా దాటించాలన్నది నిజమైన వృత్తి నైపుణ్యం. దాన్ని చేసి చూపించే శిక్షణ అరుదు. తెలుగు వాడొద్దనే శిక్షణకు కొదవ లేదు.

ఆ నిశ్శబ్దం సంగతి కూడా చిన్నది కాదు. అమెరికాలో సైన్స్ తరగతుల్ని టేపుల్లో విన్న మేరీ బడ్ రో, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో లెక్క తేల్చింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయి, అడగకుండానే మాట్లాడేవాళ్లు పెరుగుతున్నారు. అక్కడ పాఠం జరిగేది చాలామంది పిల్లల ఇంటి భాషలోనే. రెండో భాషలో మాట వెతుక్కునే మన పిల్లకు ఆ మూడు సెకన్లూ చాలవేమో కూడా. ఇది తెలుసుకోవడానికి రిసోర్స్ పర్సన్ అక్కర్లేదు. జేబులో ఫోను పెట్టుకుని పది నిమిషాల పాఠం రికార్డు చేసి, ఇంటికెళ్లి వింటే చాలు. తన గొంతు తను వినడం ఎవరికైనా ఇబ్బందే. పక్క ఊరి మాస్టారితో కలిసి వింటే ఆ ఇబ్బంది కాస్త తగ్గుతుంది.

ఆ పక్క ఊరి మాస్టారితో కలిసి కూర్చునే చోటు మనకు ఉంది. బ్రిటిష్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చుట్టుపక్కల బడుల పంతుళ్లు కలుసుకోవడానికి టీచర్ సెంటర్లు పెట్టింది. ఇప్పుడు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటి పూటలో ఎక్కువ భాగం యాప్‌ల అప్‌లోడ్లు, పెండింగ్ వివరాలు తినేస్తున్నాయి. నమూనా పాఠం ఒకటి ఉంటుంది, దానికి చప్పట్లూ ఉంటాయి. తప్పిన పాఠాన్ని ముందు పెట్టి ఎందుకు తప్పిందని మాట్లాడుకోవడం మాత్రం ఉండదు.

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 50 గంటల వృత్తి వికాసం ఉండాలంది. అందులో సగమైనా కాంప్లెక్స్‌కు వదిలేయమని రెండు ప్రభుత్వాల్నీ అడుగుతున్నాం. ప్రతి నెలా ఇద్దరు టీచర్లు చెరో పది నిమిషాల రికార్డింగూ, నాలుగు నోటుపుస్తకాలూ తెస్తారు. మిగతావాళ్లు వింటారు, చూస్తారు, మాట్లాడతారు. ఆ మాటలు తెలుగులో సాగినా అభ్యంతరం ఉండకూడదు. గంటసేపు ఏదైనా ఇంగ్లిష్ కథ కలిసి చదువుకుంటే మరీ మంచిది, పరీక్ష లేకుండా. రికార్డింగు ఎంఈవోకు పంపనక్కర్లేదని సర్క్యులర్‌లోనే స్పష్టంగా రాయాలి. లేకపోతే ఏ మాస్టారూ ఫోను జేబులోంచి తీయడు.