తెర వచ్చింది, టీచరుకు తీరిక రాలేదు

2025 ఫిబ్రవరి 23న ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడి పేరు చెప్పారు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన తొడసం కైలాస్. కృత్రిమ మేధ సాయంతో ఆయన కొలామీ భాషలో ఒక పాట కట్టారు, మరికొన్ని భాషల్లోనూ అదే పని చేస్తున్నారు. జిల్లా అంతా సంబరపడింది. సంబరపడాల్సిందే. కానీ ఆ పాట ఏ టెండరు ద్వారా వచ్చిన ప్యాకేజీలోనూ లేదు. సాంకేతికత పేరిట మన బడులకు ఇన్నేళ్లుగా చేరిన సరుకులో లేనిదేదో ఆ ఉపాధ్యాయుడి దగ్గర ఉంది: పిల్లల భాష తెలియడం, ఆ భాషలో ఏదైనా చేయాలన్న తపన. ఈ రెండూ యంత్రంతో పాటు అట్టపెట్టెలో రావు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు యంత్రాలు కొత్త కాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టించింది. ప్రైవేటు సంస్థలు కంప్యూటర్లు అమర్చి, బోధకులను పెట్టి, ఐదేళ్లు నడిపి బడికి అప్పగించాలన్నది ఒప్పందం. గడువు తీరింది, బోధకులు వెళ్లిపోయారు. బాగుచేసే దిక్కులేక కంప్యూటర్లు మూలకు చేరాయి. ఆ గదుల్లో కొన్నింటిని తర్వాత మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వకు వాడుకున్నారంటే హెడ్మాస్టర్లను తప్పుపట్టలేం. బియ్యానికి కనీసం నెలనెలా లెక్క ఉంటుంది.

అదే ఏడాది గోదావరి ఒడ్డున బాసరలో ఇంతకంటే పెద్ద ప్రయోగం మొదలైంది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణాల్లో ఒకటి అక్కడికి వచ్చింది. ట్యూరింగ్ అవార్డు గ్రహీత రాజ్ రెడ్డి ఆ విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలను చేర్చుకుని ఆరేళ్లలో ఇంజినీర్లను చేయాలన్నది లక్ష్యం. అన్ని పల్లెలకూ సరిపడా మంచి అధ్యాపకులు దొరకరు కాబట్టి, ఉన్న కొద్దిమంది మేటి అధ్యాపకుల పాఠాలను వీడియో తీసి, ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇచ్చి, తరగతి గదిలో సందేహాలు తీర్చడానికి మెంటార్లను ఉంచితే సరిపోతుందన్నది దాని వెనక ఆలోచన. చిన్న ఆలోచనేమీ కాదు. అప్పటికి దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఇలాంటి పని తలపెట్టినవాళ్లు అరుదు. బాసరలో చదివి మంచి ఉద్యోగాలు తెచ్చుకున్న కూలీల పిల్లలు, రైతుల పిల్లలు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో ఎందరో ఉన్నారు.

కానీ 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు ఎండనకా వాననకా వారం పాటు ఆందోళన చేసినప్పుడు వాళ్ల 12 డిమాండ్లలో ఏముందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. రెగ్యులర్ వైస్ చాన్సలర్ కావాలన్నారు. ల్యాప్‌టాప్‌లు ఇవ్వమన్నారు. చాలినంతమంది అధ్యాపకులను నియమించమన్నారు. యంత్రం అధ్యాపకుడి లోటు తీరుస్తుందన్న నమ్మకం మీద పుట్టిన విద్యాలయంలో, ఆ యంత్రాల మధ్యే చదువుకున్న పిల్లలు అధ్యాపకుల కోసం బైఠాయించారు. దీనికంటే నమ్మదగిన మూల్యాంకన నివేదికను ఏ కన్సల్టెన్సీ రాసివ్వగలదు?

కరోనా కాలంలో ఇదే పాఠం రాష్ట్రమంతా నేర్చుకుంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఉపాధ్యాయులు కష్టపడి చేసిన పాఠాలవి, వాటిలో చాలావరకు ఇప్పటికీ పనికొస్తాయి. అయితే ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో టీవీ లేని ఇళ్లున్నాయి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లున్నాయి. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు తెలంగాణలో 2018లో 18.1 శాతం ఉంటే 2022 నాటికి 5.2 శాతానికి పడిపోయారని అసర్ సర్వే తేల్చింది. నేరం టీవీ పాఠానిది కాదు, మూతబడిన బడిది. టీవీ పాఠం ఆ పతనాన్ని ఆపలేకపోయిందన్నది మాత్రం నిజం. 2022 ఆగస్టులో ప్రభుత్వం ‘తొలిమెట్టు’ పేరుతో మళ్లీ చదవడం, రాయడం, లెక్కల దగ్గరికే వెనక్కి రావాల్సి వచ్చింది.

అలాగని యంత్రం దండగ అనే వాదనా నిలవదు. ఢిల్లీలో ఆర్థికవేత్తలు మురళీధరన్, అభిజీత్ సింగ్, గనీమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి, అక్కడి నుంచే లెక్కలు ఇచ్చింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు బాగా ముందుకొచ్చారు. ఈ ఫలితాన్ని చూపించి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఒక సంగతి చెప్పరు. అక్కడ పిల్లలు సగం సేపే కంప్యూటర్ ముందు కూర్చున్నారు, మిగతా సగం చిన్న గుంపుగా ఒక బోధకుడి దగ్గర చదువుకున్నారు. పాఠం పిల్లల స్థాయికి దిగింది, దాన్ని అందుకోవడానికి పక్కన ఒక మనిషి ఉన్నారు. మన బడుల్లో తెర మీద పడే పాఠం మాత్రం అందరికీ ఒకటే. వెనక బెంచీలో పిల్లవాడికి ఒకటికి రెండు కలపడం రాకపోయినా అది బీజగణితమే చూపిస్తుంది.

ఆదిలాబాద్‌లో స్థాయికి ముందు భాష అడ్డొస్తుంది. ఇంట్లో గోండీయో కొలామీయో మాట్లాడే ఐదేళ్ల పిల్లకు తెలుగు వీడియో ఎంత మెరిసినా అది అర్థంకాని వీడియోనే. ఈ ఎరుక మనకు ఎనభై ఏళ్ల కిందటే ఉంది. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించారు. గోండీలో వాచకాలు వేయించారు. ఆనాడు కరెంటు కూడా లేని చోట వరస తిన్నగా ఉంది: మొదట ఆ పిల్లల్లోంచి వచ్చిన టీచరు, తర్వాత ఆ భాషలో పుస్తకం. ఇవాళ మనం ఆ వరసను తిరగేశాం.

పనిముట్లు మాత్రం నాటికంటే ఎన్నో రెట్లు ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. 2025 సెప్టెంబర్ 1న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనువాద యాప్ విడుదల చేసింది, అందులో గోండీ కూడా ఉంది. అయితే అది ఛత్తీస్‌గఢ్ గోండీ. ఉట్నూరు పిల్లల నోట పలికే గోండీని ఆ యంత్రానికి నేర్పాల్సింది ఇక్కడి ఆశ్రమ పాఠశాలల టీచర్లే. ఒక్కో టీచరు తన ఊరి కథలు, పాటలు, అంకెలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి ఇచ్చినా చాలు, ఏడాది తిరిగేలోపు ఒకటో తరగతికి కావాల్సినంత సామగ్రి పోగవుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు, టీచరుకు తీరిక కావాలి.

ఆ తీరికే లేదు. 2023లో తెలంగాణ ఉన్నత పాఠశాలల్లోకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. వాటితో పాటు టీచరు చేతి ఫోన్లోకి యాప్‌లూ వచ్చాయి: పిల్లల హాజరుకు ఒకటి, భోజనం లెక్కకు ఒకటి, పరీక్ష మార్కులకు ఒకటి. 2025 ఆగస్టు నుంచి టీచర్లకూ ముఖ గుర్తింపు హాజరు పెట్టారు. హాజరు వేయడం తప్పని ఎవరూ అనరు. కానీ లెక్క చూస్తే సాంకేతికత వల్ల టీచరుకు మిగిలిన సమయం కంటే పోయిన సమయమే ఎక్కువ. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులు చూసుకునే టీచరు సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని ఆవరణలో తిరుగుతుంటే లోపల పాఠం చెప్పేదెవరు?

పక్క రాష్ట్రం అనుభవమూ చూడాలి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు 5 లక్షలకు పైగా పంచింది. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా విచారణకు వెళ్లింది. పాఠం ఒక కంపెనీది అయితే ఆ కంపెనీ ఆయుష్షే పాఠం ఆయుష్షు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఎక్‌స్టెప్, ఖాన్ అకాడమీ, ఫిజిక్స్ వాలా వంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. మంచిదే, కానీ మన పిల్లల కోసం తయారైన పాఠాలు ఒప్పందం ముగిశాక కూడా బడి దగ్గరే ఉండాలన్న షరతు వాటిలో ఉండి తీరాలి.

వచ్చే విద్యా సంవత్సరానికి కొత్త ప్యానెళ్ల టెండరు పిలిచేముందు ప్రభుత్వం నాలుగు పనులు చేయాలి. కరీంనగర్, ఆదిలాబాద్ డైట్ కళాశాలల్లో పాఠాలు తయారుచేసే టీచర్లకు ఏటా కొన్ని వారాలు డ్యూటీ కింద లెక్కగట్టాలి. ఉట్నూరు ఐటీడీఏ గోండీ, కొలామీ పాఠాలను ఇంటర్నెట్ లేకుండా నడిచేలా పెన్‌డ్రైవ్‌లలో ప్రతి గూడెం బడికీ చేర్చాలి. మండలానికి ఒక రిపేరు మెకానిక్‌ను నియమించాలి. ఇన్ని యాప్‌ల బదులు ఒక్కటే ఉంచాలి. ఈ నాలుగూ కలిపినా కొత్త ప్యానెళ్లకు పెట్టే ఖర్చులో చిన్న వాటా కూడా కాదు.